ఇంటి స్నూస్: అక్కాతమ్ముళ్ల వాదోపవాదం

స్నూస్ అంటే స్వీడన్ వాళ్లు పైపెదవి కింద పెట్టుకునే తడి పొగాకు. దాన్ని కాల్చరు, నమలరు, ఉమ్మరు. అక్కడ కొందరు ఇంట్లోనే తయారుచేసుకుంటారు. పద్ధతిగా చేస్తే తప్పేం లేదని తమ్ముడి పక్షం. వంటింట్లో కుదరదని అక్క పక్షం. పని ఇద్దరికీ తెలుసు.

తమ్ముడు: ముందు ఒక మాట ఒప్పుకో అక్కా. ఇది ఫ్యాక్టరీలో పుట్టిన సరుకు కాదు. స్వీడన్ రైతులు పొగాకు వేసుకుని, విసురుకుని, పొటాష్ కలుపుకుని ఇంట్లో చేసుకున్నదే. ఎట్టన్ అనే బ్రాండు 1822లో, జనరల్ అనే బ్రాండు 1866లో వచ్చాయి. డబ్బా మీద పేరు పడకముందు నుంచీ ఇది ఇంటి పనే.

అక్క: ఒప్పుకుంటాను. కానీ ఆ రైతు పీపాలో నెలల తరబడి పులియబెట్టేవాడు. ఇప్పటి స్నూస్ పులియబెట్టింది కాదు, ఆవిరితో ఉడికించింది. పేరు ఒకటే, సరుకు వేరు. రైతును చూపించి ఫ్యాక్టరీకున్న నమ్మకాన్ని నీ గిన్నెకు అంటగట్టకు.

తమ్ముడు: నేను చెప్పేదీ ఉడికించేదే. కొలతలు విను, తప్పుంటే ఆపు. ఈనె తీసి, నీడన ఆరబెట్టిన ఆకు 100 గ్రాములు. మిక్సీలో ఆపి ఆపి తిప్పి, మిల్లీమీటరు కంటి జల్లెడలో జల్లించాలి. పిండిలా మెత్తగా చేస్తే నోట్లో కరిగి పళ్ల మీదికి కారుతుంది, మరీ బరకగా ఉంటే వేళ్ల మధ్య ఉండ కట్టదు. 8 గ్రాముల ఉప్పు 110 మిల్లీలీటర్ల మరిగే నీళ్లలో కరిగించి, ఆ వేడి మీదే పొడిలో పోసి కలపాలి. గాజు సీసాలో అదిమి, మూత వదులుగా పెట్టి, పైన అల్యూమినియం రేకు చుట్టి, 80 నుంచి 85 డిగ్రీల దగ్గర ఒక పగలూ ఒక రాత్రీ ఉంచాలి.

అక్క: మరిగే నీళ్లే ఎందుకు? చాలామంది చన్నీళ్లతోనే కలుపుతారు.

తమ్ముడు: అక్కడే చెడగొట్టుకుంటారు. తడిసిన ఆకు గోరువెచ్చగా గంటలకొద్దీ ఉంటే ఆకు మీదున్న బ్యాక్టీరియాకు పండగే. ఆకులోని నైట్రేటును అవి నైట్రైటుగా మారుస్తాయి. ఆ నైట్రైటు నికోటిన్‌తో, దాని చుట్టాలతో కలిసి నైట్రోసమైన్లు అనే క్యాన్సర్ కారకాలు అవుతుంది. అందుకని 30కీ 60 డిగ్రీలకీ మధ్య ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది. మరిగే నీళ్లు పోస్తే ముద్ద మొదట్లోనే చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది.

అక్క: బాగా చెప్పావు. మరి చల్లారేటప్పుడో? లీటరు సీసా నిండా ఉన్న ముద్దను బల్ల మీద వదిలేస్తే అదే 60 నుంచి 30కి దిగడానికి గంటలు తీసుకుంటుంది. 80 డిగ్రీల వేడి బ్యాక్టీరియాను చంపుతుంది గానీ గట్టి పెంకున్న బీజాల్ని చంపదు. దిగే దారిలో అవి మళ్లీ మొలకెత్తుతాయి.

తమ్ముడు: చల్లార్చేటప్పుడు లోతు తక్కువ ట్రేలో రెండు వేళ్ల మందాన పరవాలి. ముందే మరిగించిన గరిటె వాడాలి. అరగంటలో ఫ్రిజ్‌లోకి పోవాలి.

అక్క: ఇక ఓవెన్. డయల్ మీద 80 అని ఉంటే లోపల 65 ఉండొచ్చు, 95 ఉండొచ్చు. పైగా చాలా ఓవెన్లు పన్నెండు గంటలకు తమంతట తామే ఆగిపోతాయి. రాత్రి పడుకునేముందు పెట్టినవాడికి తెల్లారి కనబడేది గోరువెచ్చటి సీసా. అది ఎప్పుడు ఆగిందో, ఎంతసేపు 45 దగ్గర కూర్చుందో ఎవరు చెబుతారు? రైస్ కుక్కర్ వాడేవాళ్ల సంగతి ఇంకా ఘోరం. వెచ్చగా ఉంచే మీట నొక్కితే అది ఎంత దగ్గర నిలబడుతుందో ఒక్కో కుక్కర్‌ది ఒక్కో లెక్క.

తమ్ముడు: అందుకే డయల్‌ను నమ్మొద్దంటాను. గుచ్చే థర్మామీటరు ముల్లు సీసా మధ్యలో ఉండాలి, గోడ పక్కన కాదు. నడిబొడ్డున 80 చూపించాకే గంటలు లెక్కపెట్టాలి.

అక్క: సరే, వేడి అయింది. సోడా ఎప్పుడు?

తమ్ముడు: చల్లారాకే. సోడియం కార్బొనేట్ 5 గ్రాములు 25 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించి కొంచెం కొంచెంగా పోస్తూ కలపాలి. చూస్తుండగానే ఎండుగడ్డి రంగు ముద్ద ముదురు గోధుమ రంగులోకి తిరుగుతుంది. ముక్కు పగిలేలా అమ్మోనియా వాసన లేస్తుంది, కిటికీ తీసి ఉంచాలి. తర్వాత 6 గ్రాముల గ్లిజరిన్. బెర్గమాట్ నూనె కావాలంటే రెండు చుక్కలు ముందు ఆ గ్లిజరిన్‌లో కలిపాకే పొయ్యాలి. నేరుగా పోస్తే ఒకేచోట పీల్చుకుని, ఆ చిటికె పెట్టుకున్నవాడికి పెదవి మండుతుంది. పిడికిట్లో నొక్కితే ఆకారం నిలవాలి, చుక్క కారకూడదు. కారిందంటే నీళ్లు ఎక్కువయ్యాయి. మూడు నుంచి ఐదు రోజులు ఫ్రిజ్‌లో పెట్టి, రోజుకోసారి మూత తీసి వాసన పోనివ్వాలి.

అక్క: సోడాను వేడికి ముందే వేసేవాళ్లున్నారు.

తమ్ముడు: వేస్తే రంగు తొందరగా వస్తుంది, దాంతో మోసపోతారు. క్షారంలో నికోటిన్ విడిపోతుంది. విడిపోయిన నికోటిన్ వేడికి ఆవిరై ఓవెన్లోకి, ఇంట్లోకి పోతుంది. చివరికి సరుకు చప్పబడుతుంది, వంటిల్లంతా కంపు.

అక్క: ఆ విడిపోవడమే నాకు భయం. ఆకు పీహెచ్, అంటే పులుపు-క్షారాల కొలత, 6 దగ్గరున్నప్పుడు నికోటిన్‌లో నూటికి ఒక వంతే విడిగా ఉంటుంది. 8కి చేరితే సగం. ఖైనీలో సున్నం నలిపేదీ ఇందుకే. సున్నమైనా సోడా అయినా చేసే పని ఒకటే. ఐదు గ్రాములకు బదులు ఎనిమిది పడితే చిగురు తెల్లబారి ఒరుసుకుపోతుంది. వంటింటి త్రాసు గ్రాముకు తక్కువ చూపదు, చెంచా కొలతలు అసలు పనికిరావు. పైగా సోడా అనగానే కొందరు చాకలి సోడా ప్యాకెట్టు చింపుతారు. రసాయనం అదే అయినా బట్టల కోసం చేసింది నోట్లోకి ఎలా వెళుతుంది?

తమ్ముడు: తినే సోడా 8 గ్రాములు పళ్లెంలో పలచగా పరచి 200 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే నీరూ కార్బన్ డయాక్సైడూ పోయి కార్బొనేట్ అవుతుంది, బరువు 5 గ్రాములకు దిగుతుంది. ఆ బరువే సాక్షి. దిగకపోతే ఇంకా కాలేదన్నమాట. ఇక త్రాసు అంటావా, గ్రాములో పదో వంతు చూపేది కొనాల్సిందే. అది లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దని నేనే చెబుతాను. పీహెచ్ కాగితం 8కీ 8.5కీ మధ్య చూపిస్తే చాలు.

అక్క: చేతులకు తొడుగులు చెప్పలేదు.

తమ్ముడు: అవును, తప్పే. తడి పొగాకు నుంచి నికోటిన్ చర్మంలోంచి దిగుతుంది. పచ్చాకు కోసే కూలీలకు వాంతులు, కళ్లు తిరగడం వచ్చేది అందుకే. సోడా పడ్డాక ఇంకా తొందరగా దిగుతుంది. తొడుగులు, పొడి చేసేటప్పుడు ముక్కుకు గుడ్డ, మిక్సీకి వేరే జార్.

అక్క: ఇంట్లో పిల్లలుంటే ఇంకో మాట. ఆ 100 గ్రాముల ఆకులో రకాన్ని బట్టి ఒకటి నుంచి మూడు గ్రాముల నికోటిన్ ఉంటుంది. ఒక పెద్దమనిషిని చంపడానికి అది చాలదా? అలాంటి డబ్బా ఊరగాయ పక్కన, పెరుగు పక్కన ఫ్రిజ్‌లో! తాళం పడే పెట్టె లేకపోతే నీ కొలతలన్నీ వదిలెయ్.

తమ్ముడు: తాళానికి ఒప్పుకున్నాను. అసలు చెయ్యొద్దంటే మాత్రం ఒప్పుకోను. ఐరోపా సమాఖ్య 1992లో స్నూస్ అమ్మకాన్ని నిషేధించింది. 1995లో చేరిన స్వీడన్‌కే మినహాయింపు. స్వీడన్‌లో సిగరెట్టు మానేసి దీనికి అలవాటుపడి, తర్వాత జర్మనీ వెళ్లినవాడు ఏం చెయ్యాలి? మళ్లీ సిగరెట్టేనా? 2019లో అమెరికా ఆహార ఔషధ సంస్థ కూడా సిగరెట్టుకు బదులు దీన్ని వాడితే ఊపిరితిత్తుల క్యాన్సర్, గుండెజబ్బు ముప్పు తగ్గుతుందని చెప్పుకోనిచ్చింది.

అక్క: ఎవరిని చెప్పుకోనిచ్చింది? జనరల్ పేరుతో వచ్చే ఎనిమిది సరుకుల్ని. అదీ వాటి పరీక్షల లెక్కలు చూశాక. నీ సీసాను ఎవరు చూశారు? పొగరాని పొగాకు క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో రాసిపెట్టింది. సరుకుకీ సరుకుకీ ముప్పులో తేడా ఉంటుందంటే, ఆ తేడాకు ముఖ్య కారణం నైట్రోసమైన్లు. వాటిలో ముఖ్యమైన ఎన్ఎన్ఎన్, ఎన్ఎన్‌కే రెండూ కలిపి పొడి బరువులో గ్రాముకు 2 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం సిఫారసు. నీ ముద్దలో ఎంతుందో త్రాసు చెబుతుందా, పీహెచ్ కాగితం చెబుతుందా?

తమ్ముడు: కొత్తగా పుట్టకుండా వేడితో ఆపుతున్నాను కదా.

అక్క: కొత్తవాటిని ఆపుతావు. పాతవాటిని? అవి నీ ఓవెన్లో పుట్టవు. ఆకు ఆరేటప్పుడు, పసుపు తిరిగి గోధుమ రంగులోకి మారే రోజుల్లో, గాలి ఆడక చెమర్చిన పందిట్లో పుడతాయి. ఎనభై డిగ్రీలకు అవి పోవు. ఎన్ని గంటలు ఉడికించినా ఆకుతో వచ్చింది నోట్లోకి వెళుతుంది. ఫ్యాక్టరీ చేసే అసలు పని ఉడికించడం కాదురా, ఆకును ఏరడం. బేళ్లను పరీక్షించి, ఎక్కువున్నవి తీసిపారేస్తారు.

తమ్ముడు: ఈనె తియ్యమన్నది అందుకే. నైట్రేటు ఎక్కువగా చేరేది ఈనెలోనే.

అక్క: అది కొంత తగ్గిస్తుంది, ఎంతో తెలియదు. నీ కొలతలు చదివి ప్రకాశం జిల్లా బ్యారన్ ఆకుతో మొదలుపెట్టేవాళ్లుంటారు. అలా బ్యారన్ గదిలో పొగగొట్టాల వేడితో ఆరిన ఆకులో చక్కెర ఎక్కువ, సిగరెట్టుకు పనికొచ్చే గుణం అది. స్నూస్‌కు ఎక్కువగా వాడేది గాలికి ఆరినది. పోనీ గోదావరి లంక పొగాకు తెస్తానంటారు. అది చుట్టల కోసం పండించింది, ఆరబెట్టింది. నైట్రోసమైన్ల లెక్క చూసి ఎవరూ అమ్మరు.

తమ్ముడు: లెక్క ఇచ్చే అమ్మకందారు దొరికితే?

అక్క: ఏ బేలుకు ఆ బేలు కాగితం ఉండాలి. పోయినేడాది కాగితం ఈ ఏడు ఆకుకు చెల్లదు.

తమ్ముడు: సరే. ఆ కాగితం లేని ఆకుతో చెయ్యొద్దని నా కొలతల్లో మొదటి వరుసలో రాస్తాను, ఉప్పూ నీళ్ల కన్నా ముందు. కాగితం ఉంటే మాత్రం నువ్వు అడ్డు చెప్పకూడదు.

అక్క: కాగితం ఉంటే థర్మామీటరు నా చేతిలో ఉంటుంది. ముద్ద నడిబొడ్డున 60కి దిగిందంటే అక్కడికక్కడే పారబోయడం.

తమ్ముడు: ఇరవయ్యో గంటలో ఓవెన్ దానంతట అదే ఆగిపోయి దిగినా?

అక్క: ఆగి ఎంతసేపయిందో చూపించగలిగితే అప్పుడు మాట్లాడదాం. చూపించలేకపోతే పారబోయడమే.