సవరణ: కెన్నెడీ–నిక్సన్ డిబేట్ గురించి రాసింది

ఎన్నికల మీద టీవీ ప్రభావం గురించి మొన్న రాస్తూ, 1960 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో పోటీపడిన కెన్నెడీ, నిక్సన్‌ల మధ్య సెప్టెంబర్ 26న జరిగిన డిబేట్‌ని రేడియోలో విన్నవాళ్లు నిక్సనే గెలిచాడన్నారని, టీవీలో చూసినవాళ్లు కెన్నెడీ వైపు మొగ్గారని, అదేదో రుజువైపోయిన విషయంలా చెప్పేశాను. తప్పు నాదే. ఆ మాటకు ప్రధాన ఆధారం ఒకే ఒక్క సర్వే, అందులో రేడియో శ్రోతలు 300 మంది కూడా లేరు, పైగా వాళ్లు ముందునుంచీ నిక్సన్ వైపే ఉన్నారేమో ఎవరూ తేల్చలేదు. అందరూ చెప్పే కథే కదా అని నేనూ నమ్మేశా.

నిక్సన్ పాలిపోయి కనిపించిన మాట మాత్రం నిజం, ఆసుపత్రి నుంచి వచ్చి అప్పటికి కొన్ని వారాలే. కానీ దేశమంతా కలిపితే కెన్నెడీకి వచ్చిన ఆధిక్యం సుమారు 1,12,000 ఓట్లు. అంత చిన్న తేడాలో టీవీ వాటా ఇంత అని విడదీయలేం, అందుకే ‘టీవీయే గెలిపించింది’ అన్న వాక్యం తీసేశాను.