ఆరో తరగతి పిల్లకు స్నేహితులెందుకు అనేవారికి

పోయిన నెల మా తరగతి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. రెండు రోజుల తర్వాత మా వీధి గ్రూపులో, ఆ తర్వాత మా పిన్ని కూతురి దగ్గరనుంచి, మళ్లీ అదే. "పిల్లల బాగు కోరే ప్రతి తల్లీ తండ్రీ చదవాలి" అని మొదలవుతుంది. అందులో ఉన్నది ఇదీ: ఆరో తరగతి నుంచి స్నేహాలు తగ్గించాలి, ఆ వయసులో స్నేహాలు చదువుకు పట్టే చెదలు. తోటిపిల్లలు ఏడిపిస్తే పెద్దవాళ్లు కలగజేసుకోకూడదు, నాలుగు మాటలు పడితేనే రాటుదేలతారు. ఫోన్ల వల్ల ఈ తరంలో జాలీ దయా పోయాయి, 40 శాతం తగ్గినట్టు అమెరికా పరిశోధనలోనే తేలింది. చివరగా, దయ అనేది రక్తంలో ఉండాలిగానీ నేర్పితే వచ్చేది కాదు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్ని. పద్దెనిమిదేళ్లుగా ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతోనే నా రోజంతా గడుస్తుంది. ఆ మెసేజ్ కింద దండాల బొమ్మలు, "నూటికి నూరు పాళ్లు నిజం" అనే జవాబులు చూశాక ఊరుకోలేకపోయాను. ఒక్కో మాటకీ జవాబు చెప్తాను.

"స్నేహాలు చదువుకు చెదలు."

ఈ మాట వెనకున్న భయం నాకు తెలుసు. అప్పు చేసి ఫీజు కట్టిన తండ్రికి, కొడుకు గ్రౌండులో కబుర్లు చెప్తూ కనబడితే గుండె గుభేలుమంటుంది. కానీ పదకొండు నుంచి పద్నాలుగేళ్ల మధ్య పిల్లల్లో వచ్చే పెద్ద మార్పు ఇదే. అప్పటిదాకా "అమ్మ ఏమంటుందో" అనుకున్న పిల్ల "వాళ్లు ఏమనుకుంటారో" అనుకోవడం మొదలుపెడుతుంది. 2010లో ఇంగ్లండులో కొందరు పరిశోధకులు 11 నుంచి 15 ఏళ్ల అమ్మాయిల చేత, పెద్దవాళ్లయిన ఆడవాళ్ల చేత కంప్యూటర్లో ఒక బంతి ఆట ఆడించారు. ముగ్గురు బంతి విసురుకోవాలి. కాసేపయ్యాక మిగతా ఇద్దరూ ఈమెకు బంతి ఇవ్వడం మానేస్తారు. ఆ ఇద్దరూ నిజం మనుషులు కాదు, కంప్యూటరే. అంత చిన్న ఆటలో పక్కన పెట్టినందుకే అమ్మాయిల మనసు పెద్దవాళ్లకన్నా ఎక్కువగా కుంగింది. ముక్కూ మొహం తెలియని వాళ్లు కొన్ని నిమిషాలు బంతి ఇవ్వకపోతేనే ఇలా ఉంటే, రోజూ మధ్యాహ్న భోజనం వేళ పళ్లెం పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడే పిల్ల సంగతేంటి? ఆ తర్వాతి పీరియడ్లో నేను చెప్పే ఢిల్లీ సుల్తానుల పాఠం ఆ పిల్ల చెవికెక్కుతుందా?

అమెరికాలో కాథరిన్ వెంట్జెల్ అనే పరిశోధకురాలు, మరో ఇద్దరు కలిసి ఆరో తరగతి పిల్లల్ని ఎనిమిదో తరగతి దాకా గమనించి, 2004లో ఫలితాలు ప్రకటించారు. "నువ్వు నా ఫ్రెండ్" అంటే తిరిగి "నువ్వూ నా ఫ్రెండే" అనేవాళ్లు ఒక్కరూ లేని పిల్లలు చదువులో వెనకబడ్డారు, మనసులోనూ ఎక్కువ బాధపడ్డారు. స్నేహం లేకపోవడం వల్ల చదువు తగ్గిందా, చదువు తగ్గడం వల్ల స్నేహితులు దూరమయ్యారా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఇంకోచోట దొరుకుతుంది. తోటివాళ్లతో మెలగడం, కోపం అదుపులో పెట్టుకోవడం, ఎదుటివాళ్ల బాధ తెలుసుకోవడం బళ్లో నేర్పే 213 కార్యక్రమాల ఫలితాల్ని 2011లో ఒకచోట చేర్చి చూశారు. మొత్తం 2,70,034 మంది పిల్లలు. ఈ పాఠాలు నేర్చుకున్నవాళ్ల చదువు కూడా మెరుగైంది. ఎంతంటే, నూరు మందిలో యాభై మందిని దాటగలిగే పిల్ల అరవై ఒక్క మందిని దాటినంత. చదువుకు చెదలు పట్టించే పని ఇలాంటి ఫలితం ఇవ్వదు.

మన దగ్గర జరిగేది చూడండి. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటారు. ప్రతి పరీక్షకీ మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చే బళ్లు ఎన్నో. మూడు నెలలకు ఒక జట్టు కుదిరేలోపు పిల్లని లేపి ఇంకో గదిలో కూర్చోబెడతారు. మా బంధువుల అమ్మాయి, ఏడో తరగతి, రెండు నెలలపాటు అన్నం బాక్సు సగం కూడా తినకుండా ఇంటికి తెచ్చేది. లెక్కలు రావడం లేదేమోనని ట్యూషన్ పెట్టారు. అసలు సంగతేంటంటే, ఎప్పుడూ పక్కన కూర్చునే పిల్ల వేరే సెక్షన్‌కి వెళ్లిపోయింది. గురుకులాల్లో ఐదో తరగతికి, నవోదయలో ఆరో తరగతికి ఇల్లు వదిలి వెళ్లే పిల్లల మాట చెప్పనక్కర్లేదు. పదేళ్ల వయసులో అమ్మా నాన్నా లేని చోట వాళ్లకు ఇల్లంటే పక్క మంచం మీది స్నేహితురాలే. వాళ్లని స్నేహాలు తగ్గించుకోమని ఏ నోటితో చెప్తాం?

ఇక "ఏడిపిస్తేనే రాటుదేలతారు" అన్నది. అన్నిటికన్నా నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఈ మాట.

ముందు ఒక తేడా చెప్పాలి. ఇద్దరు సమానుల మధ్య వచ్చేది గొడవ. ఇవాళ కటీఫ్ అంటారు, రేపు ఒకే జామకాయ కొరుక్కుంటారు. అందులో మనం వేలు పెట్టనక్కర్లేదు, ఆ మేరకు మెసేజ్ రాసినాయనతో నాకు పేచీ లేదు. కానీ నలుగురు కలిసి ఒక్కణ్ణి రోజూ అదే పేరుతో పిలవడం గొడవ కాదు. సోడాబుడ్డి, బండోడు, నత్తోడు, నల్లపిల్ల, హాస్టల్ పిల్ల. కొన్నిసార్లు కులం పేరు కూడా. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అని మనవాళ్లు ఊరికే అనలేదు. అమెరికాలోని నార్త్ కరొలైనాలో 1,420 మందిని చిన్నప్పటి నుంచి పెద్దయ్యేదాకా వెంట ఉండి గమనించారు. ఆ వివరాలు 2013లో వచ్చాయి. చిన్నప్పుడు అలా వేధింపు పడ్డవాళ్లలో పెద్దయ్యాక విపరీతమైన ఆందోళన, నలుగురిలోకి వెళ్లాలంటే భయం ఎక్కువగా కనిపించాయి. రాటుదేలడం అంటే ఇదేనా?

పెద్దవాళ్లు పక్కకు తప్పుకుంటే ఆ చోటు ఖాళీగా ఉండదు, గట్టిగా అరిచేవాడిది అవుతుంది. కెనడాలోని టొరంటోలో బడి ఆటస్థలాల్లో పిల్లల్ని వీడియో తీసి చూశారు. ఏడిపించే సంఘటనల్లో నూటికి 88 చోట్ల తోటిపిల్లలు చుట్టూ ఉన్నారు. అడ్డుపడినవి మాత్రం 19 శాతమే. కానీ అడ్డుపడ్డప్పుడల్లా ఏమైంది? సగానికి పైగా సార్లు పది సెకన్లలోపే ఏడిపించడం ఆగిపోయింది. పది సెకన్లు! ఈ లెక్క చదివిన రోజునుంచి నా పని పద్ధతే మారింది. అంతకుముందు ఏడిపించినవాణ్ణి నిలబెట్టి తిట్టేదాన్ని, ఏడ్చినవాణ్ణి ఓదార్చేదాన్ని. చూస్తూ నిలబడ్డ ముప్పై మందిని వదిలేసేదాన్ని. నిజానికి పని అక్కడుంది. ఫిన్లాండులో ఏడిపించడం ఆపడానికి తుర్కు విశ్వవిద్యాలయం తయారుచేసిన కార్యక్రమం కూడా ఈ చూసేవాళ్ల మీదే నిలబడింది. 2009 నుంచి దేశమంతా బళ్లలో పెట్టారు. చిన్న తరగతుల్లో ఫలితం బాగా కనిపించింది, ఏడో తరగతి నుంచి కాస్త పలచబడింది. అంటే ఆరో తరగతి దాకా ఆగడం కూడా ఆలస్యమేనేమో.

మనం పిల్లలకు "చాడీలు చెప్పకు" అని నేర్పుతాం. ఆ మాట చాలామంది నోళ్లు కట్టేసింది. మా తరగతిలో తేడా ఇలా చెప్పుకున్నాం: ఎవరినో ఇరికించడానికి చెప్పేది చాడీ, ఎవరినో కాపాడటానికి చెప్పేది చాడీ కాదు. ఎదురు నిలబడి ఆపమని నేనెవరికీ చెప్పను, పన్నెండేళ్ల పిల్లకి అది భయమే. ఏడిపిస్తున్నవాడి మాటకి నవ్వకపోవడం, ఏడుస్తున్న పిల్లని "రా, నీళ్లు తాగొద్దాం" అని అక్కణ్ణుంచి తీసుకుపోవడం, టీచర్‌కి చెప్పడం, ఈ మూడూ ఎవరైనా చేయగలరు. విషయం చేతులు దాటుతుంటే 1098 హెల్ప్‌లైన్ నంబరు ఉందని, అది పిల్లల కోసమేనని బోర్డు పక్కన రాసి ఉంచాను.

మూడోది ఆ 40 శాతం.

అలాంటి పరిశోధన ఉన్నమాట నిజమే, కానీ సగం మాటే మెసేజ్‌లోకి ఎక్కింది. అది చూసింది అమెరికా కాలేజీ విద్యార్థుల్ని, మన ఆరో తరగతి పిల్లల్ని కాదు. 1979 నుంచి 2009 దాకా జవాబుల్ని పోల్చింది. ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం 2000 తర్వాత వచ్చింది. ఆ పరిశోధన చేసిన సారా కాన్రాత్, తోటివాళ్లతో కలిసి 2018 దాకా లెక్కలు మళ్లీ తీశారు. 2008 తర్వాత ఆ జాలి గుణం మళ్లీ పెరుగుతూ వచ్చింది. అంటే సరిగ్గా స్మార్ట్‌ఫోన్లు చేతుల్లోకి వచ్చిన కాలంలో. ఫోన్ వల్ల మంచే జరిగిందని నేననడం లేదు. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో కాలిఫోర్నియా ఆరో తరగతి పిల్లలు ఐదు రోజులు స్క్రీన్ లేని క్యాంపులో గడిపితే, మొహం చూసి ఎదుటివాళ్ల మనసు పట్టుకోవడం మెరుగైంది. ఐదు రోజులకే తేడా వచ్చిందంటే, పోయిందని మనం ఏడుస్తున్నది అసలు పోలేదన్నమాట. భోజనం వేళ ఇంట్లో ఫోన్లు పక్కన పెట్టండి. పెద్దవాళ్లవి కూడా.

"దయ నేర్పితే వచ్చేది కాదు" అన్నదానికి నాకు ముందుగా గుర్తొచ్చేది టొరంటోలో 1996లో మేరీ గోర్డన్ అనే ఆవిడ మొదలుపెట్టిన పని. ఒక తల్లి తన పసిబిడ్డను తీసుకుని ఏడాది పొడుగునా తరగతికి వస్తూ ఉంటుంది. పిల్లలు చుట్టూ కూర్చుని బిడ్డ ఎందుకు ఏడుస్తోంది, ఇప్పుడేం కావాలి అని కనిపెడతారు. మాట రాని బిడ్డ మనసు తెలుసుకోవడంతో మొదలుపెట్టి, పక్క బెంచీవాడి మనసు దాకా వస్తారు. మన పల్లెల్లో ఇది కొత్తేం కాదు. చెల్లెల్ని చంకనేసుకుని తిరిగిన అక్కలెందరో. ఇప్పుడు ఒక్కరే సంతానమైన ఇళ్లలో ఆ అవకాశం తగ్గింది కాబట్టి బడి ఆ పని అందుకోవాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా స్థానిక పనివాళ్ల దగ్గర నేర్చుకోవాలని జాతీయ విద్యా విధానం 2020 చెప్తోంది. ఆ పది రోజుల్లో కుమ్మరి దగ్గరో, వడ్రంగి దగ్గరో కూర్చున్న పిల్లవాడు కుండ చేయడంతో పాటు ఆయన నడుం నొప్పి గురించి కూడా తెలుసుకుంటాడు.

ఈ జవాబంతా గ్రూపులో పెట్టి, కింద ఒక్క మాట కలిపాను. ఇవాళ మార్కుల గురించి అడగొద్దు, "మధ్యాహ్నం ఎవరి పక్కన కూర్చుని తిన్నావు, ఒక్కడే కూర్చుని తిన్నదెవరు" అని అడగండి అని. పెద్దగా ఎవరూ స్పందించలేదు. రాత్రి తొమ్మిదిన్నరకు ఒక తండ్రి విడిగా మెసేజ్ పెట్టారు. "మావాడు ముగ్గురి పేర్లు చెప్పాడు మేడమ్. ఒంటరిగా తిన్నదెవర్రా అంటే ముందు ఏం మాట్లాడలేదు. పడుకునే ముందు వచ్చి ఒక పేరు చెప్పి, మేడమ్‌కి చెప్పమన్నాడు." ఆ పేరు నేను అనుకోనిది. తరగతిలో అందరికన్నా గట్టిగా నవ్వే పిల్లవాడిది. సోమవారం మధ్యాహ్నం నేనూ పళ్లెం పట్టుకుని వరండాలోకి వెళ్తాను.