నట్లూ బోల్టుల చెట్టు గారికి

మహారాజశ్రీ ఇనుప చెట్టు గారి సముఖమునకు,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం. తమరి తుప్పు కూడా దినదినాభివృద్ధి చెందుతోందని తలుస్తాను.

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ స్కల్ప్చర్ పార్కు 500 ఎకరాలు. పచ్చిక, చెరువులు, గొర్రెలు, లెక్కలేనన్ని చెట్లు. 1977 నుంచి అక్కడ ఆరుబయట శిల్పాలు చూపిస్తున్నారు. అన్ని నిజం చెట్లున్న చోట, 2014లో ఒక పాతకాలపు చర్చి ముంగిట తమరిని నిలబెట్టారు. ఆరు మీటర్ల ఎత్తు. ఆకు లేదు, గూడు లేదు, నీడ అసలే లేదు. అయినా సెల్ఫీ తమరితోనే. వెనకాల నిలబడి ఊరికే ఆక్సిజన్ ఇస్తున్న చెట్టు ఫ్రేములోకి వస్తే జనం రెండడుగులు పక్కకు జరుగుతారు. బోర్డు లేని చెట్టుకు విలువేముంటుంది లెండి.

తమరి వంశవృక్షం విచారించాను. చైనాలోని జింగ్‌దెజెన్ వీధుల్లో చెట్ల మొద్దులు, వేర్లు అమ్ముతారట. అవి చూసి చైనా కళాకారుడు ఐ వెయ్‌వెయ్ గారికి ఆలోచన వచ్చింది. రకరకాల చెట్ల ముక్కలను ఇనుములో పోత పోయించి, బోల్టులు బిగించి ఒక్క చెట్టు చేశారు. వేరుకూ కొమ్మకూ చుట్టరికం లేదు. ఇలాంటి ఆయన చెట్లలో కొందరు విమర్శకులకు 'ఒకే చైనా' నినాదం కనబడింది, అంటే రకరకాల జనాన్ని ఒక్క దేశంగా బిగించడం.

మాకూ అలాంటిదే ఒకటుంది, భిన్నత్వంలో ఏకత్వం. బడి గోడ మీద పెయింటుతో రాస్తాం. పంద్రాగస్టుకు పిల్లలకు రాష్ట్రానికో తలపాగా చుట్టి నిలబెడతాం. అతుకులున్న చోట లప్పం పెట్టి రంగు కొట్టేస్తాం. తమరికి ఆ మర్యాద తెలియదు. ఎక్కడ అతికారో, ఎంత బిగిస్తే నిలబడ్డారో అంతా బయటపెట్టుకున్నారు. మా తెనాలి శిల్పులు తుక్కు ఇనుముతోనే 14 అడుగుల మోదీ విగ్రహం చేసినవాళ్లు. వాళ్లను అడిగి ఉంటే ఒక్క నట్టూ కనబడకుండా వెల్డింగ్ చేసిచ్చేవారు.

ఇంకో సంగతి. టన్నుల బరువుతో తమరు సముద్రాలు దాటి వచ్చేశారు. తమరిని చేసినాయన మాత్రం రాలేకపోయారు. 2011లో చైనా ప్రభుత్వం ఆయన పాస్‌పోర్టు తీసేసుకుంది, 2015 జులైలో గానీ తిరిగివ్వలేదు. వీసా కోసం చిలుకూరు బాలాజీ చుట్టూ 11 ప్రదక్షిణలు చేసి, వస్తే 108 చేస్తామని మొక్కుకునే మా పిల్లలకు ఈ కిటుకు ఇన్నాళ్లూ తట్టలేదు. మనిషిగా కాకుండా సరుకుగా వెళ్తే పని సులువు.

అదే పార్కులో శిల్పి బార్బరా హెప్‌వర్త్ గారు చేసిన కంచు కుటుంబం కూడా ఉంది, తొమ్మిది మంది. అందులో ఒకరు పెళ్లికూతురు. మా పెద్దమ్మ ఫొటో దగ్గరగా పెట్టుకుని చూసి, "నగలేవీ? పిల్ల తరఫు వాళ్లెటున్నారు?" అంది. హెన్రీ మూర్ గారి శిల్పాల మధ్య మేసే గొర్రెలకు ఇలాంటి సందేహాలేవీ ఉన్నట్టు లేదు.

మావైపు ప్రకృతి కళ మరో దారి పట్టింది. రోడ్డు వెడల్పు చేయడానికి వేపచెట్లు కొట్టేసి, డివైడర్ మీద ప్లాస్టిక్ కొబ్బరిచెట్లు పెట్టారు. రాత్రయితే ఆకుపచ్చ లైట్లు వెలుగుతాయి. కరెంటు పోతే అడవి మొత్తం ఒక్కసారే మాయం.

తమరు ఇటు దయచేస్తే ఆ కొబ్బరిచెట్ల పక్కనే చోటిప్పిస్తాం. మొదటి వారంలోనే ఎవరో ఒకరు పసుపు రాసి, బొట్టు పెట్టి, దారం చుడతారు. రెండో వారానికి హుండీ వస్తుంది. మూడో వారం నుంచి మాత్రం రోజూ పొద్దున్నే నట్లు లెక్క చూసుకోండి. పాత ఇనుప సామాన్ల కొట్టు ఆ సందు చివరే.

ఇట్లు,
తమ విధేయుడు,
రోడ్డు వెడల్పులో ఇంటిముందు వేపచెట్టు పోగొట్టుకున్నవాడు