మాకు సైబీరియా పక్షే కావాలి

చలికాలం వచ్చిందంటే మన పత్రికల్లో రెండు వార్తలు తప్పవు. ఒకటి లంబసింగిలో మంచు, రెండోది సైబీరియా నుంచి విదేశీ విహంగాల రాక. మంచు చూడ్డానికి వెళ్లి నిరుడు వణికి వచ్చాం. అందుకని ఈసారి విహంగాల మీద పడ్డాం. విశాఖ నుంచి పొద్దున్నే కారులో పులిహోర, అరువు తెచ్చిన బైనాక్యులర్లతో టెక్కలి దగ్గరి తేలినీలాపురం బయల్దేరాం.

ఊళ్లో చింతచెట్ల నిండా గూళ్లే. తోక దగ్గర రోజారంగు పూసుకున్న కొంగలు, కింది ముక్కుకు సంచీ వేలాడేసుకున్న గూడబాతులు. పిల్ల ఆకలేసి తల్లి సంచీలోకి తలంతా దూర్చేస్తోంది. మా అబ్బాయి నా జేబులో చెయ్యి పెట్టే పద్ధతీ ఇదే. చెట్టు కింద చేపల కంపు, నెత్తిన తెల్లటి ఆశీర్వచనాలు. ఇంటి దగ్గర పావురం ఇదే పని చేస్తే వల కట్టించాను. ఇక్కడ మాత్రం భక్తిగా తుడుచుకున్నాను. ఎంతైనా సైబీరియా సరుకు కదా!

అరుగు మీద కూర్చున్న ఒక ముసలమ్మని అడిగాను: "ఇవన్నీ సైబీరియా నుంచేనా అమ్మా?"

"ఏటి బాబూ, ఇవి మా ఆడపిల్లలు. పురుడోసుకోడానికి ఒస్తాయి. పురుడుకి పుట్టింటికి కాక అత్తోరింటికి ఎల్తాదేటి ఎవులైనా?"

పల్లెటూరి మనిషి, ఏం తెలుసులే అనుకుని ఫోనులో వెతికాను. వెతక్కుండా ఉండాల్సింది. ఈ గూడబాతు గుడ్లు పెట్టేది భారతదేశం, శ్రీలంక, కంబోడియాల్లోనట. సైబీరియా మొహమే ఎరగదు. నెల్లూరు వైపు నేలపట్టు చెరువులోనూ ఇవే. ఆ రోజా కొంగలూ మన ఉపఖండం వైపువే. గూడబాతు శాస్త్రీయ నామంలో ఫిలిప్పీన్స్ పేరుందని కాసేపు ఆశపడ్డాను. ఆ దేశంలో ఒకప్పుడు ఉండేవి, ఇప్పుడు లేవట. పోనీ పులికాట్ రాజహంసలైనా దక్కుతాయేమో అని చూస్తే, మన దేశంలో వాటి పెద్ద పురిటిల్లు గుజరాత్‌లోని కచ్ రణ్ అని తేలింది. అంటే పాస్‌పోర్టు కాదు, రైలు టికెట్టు చాలు.

ఇది మోసం కాదా? అమెరికా సంబంధం అని చెప్పి అమలాపురం అబ్బాయిని చూపించినట్టు లేదూ? లోకల్ పక్షిని చూడ్డానికి పెట్రోలు తగలేసుకుని వచ్చేవాడెవడు? సంక్రాంతికి డల్లాస్ నుంచి దిగిన అల్లుడికీ, పక్కవీధి అల్లుడికీ ఒకే విస్తరి వేస్తామా? ఇకనుంచి ప్రతి గూటి కిందా వాటి పుట్టుక ధ్రువపత్రం వేలాడదీయాలని నా డిమాండు.

ఇంకా అన్యాయం ఏమిటంటే, నిజమైన విదేశీయులు దొంగల్లా వచ్చిపోతున్నారు. మధ్య ఆసియా గడ్డిమైదానాల్లో పుట్టిన గులాబీ గోరింకలు చలికాలం మన జొన్నచేల మీద వాలతాయి. వాటికి మనం ఇచ్చే స్వాగతం వడిసెల రాయి. అవతలి దేశాల్లో అవే మిడతల్ని తింటుంటే రైతులు పండగ చేసుకుంటారు. ఇక్కడ గింజ తింటాయి కాబట్టి అతిథి మర్యాద రద్దు.

బెంగతో ఇంటికొచ్చాను. మర్నాడు పొద్దున పెరట్లో, అంట్లు తోమే గట్టు దగ్గర, తోక పైకీ కిందికీ ఆడిస్తూ ఒక తెలుపూ నలుపూ పిట్ట తిరుగుతోంది. ఏటా చలికాలం కనబడేదే. సబ్బు నురగలో పురుగులు ఏరుకుంటుంది. పాతిక గ్రాములైనా ఉండదు. ఎందుకో అనుమానమొచ్చి మళ్లీ ఫోను తీశాను. హిమాలయాల నుంచి సైబీరియా దాకా ఎక్కడో పుట్టి, చలికి ఇంతదూరం ఎగిరొచ్చే జాతట! పదేళ్లుగా మా ఆవిడ దాని మీద చెంబుడు నీళ్లు విసురుతోంది.

వెంటనే ఫొటో తీసి "సైబీరియా అతిథి మా పెరట్లో" అని పెట్టాను. సాయంత్రానికి మూడు లైకులు. "అంట్లు బాగా తోమారు" అని ఒక కామెంటు.

దాన్ని తీసేసి, అదే మాట కింద తేలినీలాపురం గూడబాతుని పెట్టాను. ఇప్పటికి నాలుగొందలు దాటాయి.