గాలిమరకు ఆటోనగర్ చేతులు కావాలి

ఉరవకొండ, కల్యాణదుర్గం దారుల్లో వెళ్లేవారికి కొండల మీద గాలిమరలు కనిపిస్తూనే ఉంటాయి. రాష్ట్రంలో పవన విద్యుత్ సామర్థ్యం సుమారు 4,000 మెగావాట్లు. దాదాపు అంతా రాయలసీమలోనే. ఆ కరెంటు లెక్కలు చూసేది మాత్రం విజయవాడలో. కొండ మనది, గాలి మనది. యంత్రం బయటి కంపెనీలది, అది పాడైతే బాగుచేసే విద్య కూడా చాలావరకు వాళ్లదే. ఇది మారాలి. ఆ పని విజయవాడ నుంచే మొదలుపెట్టవచ్చని మేం నమ్ముతున్నాం.

1970ల చమురు సంక్షోభం తర్వాత పెద్ద దేశాలు ఒకేసారి భారీ మరలు కట్టాలని చూశాయి. జర్మనీ 1983లో గ్రోవియన్ అనే 3 మెగావాట్ల యంత్రాన్ని నిలబెట్టింది. రెక్కలు తిరిగే చుట్టు వ్యాసమే 100 మీటర్లు. అది కొన్ని వందల గంటలకు మించి తిరగలేదు. కొన్నేళ్లకే విప్పేశారు. డెన్మార్క్‌లో దారి వేరు. అక్కడ క్రిస్టియన్ రీసాగర్ అనే వడ్రంగి లారీ విడిభాగాలు వాడి 22 కిలోవాట్ల మర చేశాడు. ట్వింద్ అనే చోట పంతుళ్లు, విద్యార్థులు, వాలంటీర్లు కలిసి 1978 నాటికి ఏకంగా పెద్ద మరనే నిలబెట్టారు. ఇవాళ ప్రపంచమంతా తెలిసిన గాలిమరల కంపెనీ వెస్టాస్ 1898లో ఒక కమ్మరి పెట్టిన కొలిమి. అలాగని డెన్మార్క్ ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. రీసో అనే చోట పరీక్షా కేంద్రం పెట్టింది. అక్కడ పాసైన మరకే సబ్సిడీ ఇచ్చింది. వర్క్‌షాపు తెలివికి ప్రయోగశాల క్రమశిక్షణ అలా తోడైంది.

ఆ వర్క్‌షాపు తెలివి లారీలు బాగుచేసే మన విజయవాడ ఆటోనగర్‌లో లేదా? లారీ గేర్‌బాక్స్ శబ్దం విని ఏ బేరింగ్ పోయిందో చెప్పే మేస్త్రీలు అక్కడున్నారు. ఆయిల్ వేళ్ల మధ్య రుద్ది, ఇనుప రజను తగిలితే పళ్లు అరుగుతున్నాయని పట్టేస్తారు. గాలిమరకు వచ్చే జబ్బుల్లో ముఖ్యమైనవి ఇవే. పెద్ద రెక్కలు నిమిషానికి పది, పదిహేను చుట్లే తిరుగుతాయి. చాలా మరల్లో జనరేటర్‌కు వెయ్యికి పైగా చుట్లు కావాలి. ఆ తేడా మోసేది గేర్‌బాక్సే. అది చెడిపోతే వంద మీటర్ల ఎత్తు నుంచి క్రేన్‌తో దించాలి. ఖర్చు అలా ఉంచి, గాలి సీజన్‌లో ఆగిన ప్రతి రోజూ నష్టమే. దుమ్ముకు కోసుకుపోయే రెక్కల అంచులకు గట్టి పూత, చెడకముందే చెప్పే సెన్సర్... ఇలాంటి చిన్న చిన్న ఆవిష్కరణలే రేపు మనకు అన్నం పెడతాయి.

గాలి అంచనా మరో పెద్ద పని. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అంటే వేగం అంచనా కొంచెం తప్పినా కరెంటు లెక్క బోలెడంత తప్పుతుంది. గ్రిడ్ రోజును 15 నిమిషాల చొప్పున 96 భాగాలు చేసి నడుపుతారు. ప్రతి భాగానికీ ముందే లెక్క చెప్పాలి కాబట్టి గ్రిడ్ సిబ్బందికి టెన్షన్ తప్పదు. విజయవాడలోని విద్యుత్ సంస్థల కార్యాలయం విద్యుత్ సౌధలో ఉన్న ఏళ్ల నాటి డేటా కానూరు, వడ్లమూడి, గుంటూరు కాలేజీల విద్యార్థుల చేతికి ఇస్తే వాళ్లు మన కొండలకు సరిపోయే పద్ధతులు తయారుచేయగలరు.

వీటన్నిటికీ నమ్మకం కావాలి. 2019లో రాష్ట్ర ప్రభుత్వం గాలి కరెంటు కొనుగోలు ఒప్పందాల ధరలు తిరగదోడి, యూనిట్‌కు రూ.4.84 చొప్పున రావలసిన చోట రూ.2.43 అనడంతో పెట్టుబడిదారులు బెదిరిపోయారు. 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందాలనే నిలబెట్టింది. పాలకులు ఎవరైనా ఆ తప్పు మళ్లీ జరగకూడదు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిదను ఇంటి మేడల మీద ఊడ్చుకునే వాళ్లకు గాలి కరెంటు విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

పాత మరల స్థానంలో కొత్తవి పెట్టేందుకు కేంద్రం 2023లో విధానాన్ని సవరించింది. అనంతపురం ప్రాంతంలోని రామగిరిలో 1990లలోనే చిన్న మరలు పెట్టారు. అలాంటి పాత మరలు మార్చేటప్పుడు విప్పే యంత్రాలను తుక్కుకు పంపకుండా కొన్నిటిని విజయవాడ తెచ్చి, ఆటోనగర్ మేస్త్రీలు, ఐటీఐ కుర్రాళ్లు విప్పి నేర్చుకునే షెడ్డు పెట్టాలి. పక్కనే గేర్‌బాక్స్‌లు పరీక్షించే బెంచ్ ఉండాలి. నైరుతి గాలి తగ్గాక, అక్టోబరు నుంచి మరమ్మతులకు వీలు దొరుకుతుంది. ఆలోగా ఇంధన శాఖ ఆటోనగర్ మేస్త్రీలు, కాలేజీలు, గ్రిడ్ సిబ్బంది అనే ఈ మూడు వర్గాలనూ ఒక్కచోట కూర్చోబెట్టి, షెడ్డుకు స్థలం, డబ్బు ఎక్కడివో తేల్చాలి.