మంచు ఖండం టికెట్లో మనం కొనేది ఆంక్షల్నే

రొయ్యల చెరువులున్న మా బంధువు ఒకాయన దగ్గర అంటార్కిటికా ఓడ ప్రయాణం ప్రస్తావన తెస్తే, "ఏందబ్బయ్యా, అన్ని లక్షలు పోసి మంచుగడ్డలు చూసేదానికా? మా ఐస్ ఫ్యాక్టరీకి రా, ఊరికే చూపిస్తా" అన్నాడు. నవ్వొచ్చినా ఆ మాటలో పాయింటుంది. నెల్లూరు, ఒంగోలు వైపు చేతిలో డబ్బాడే కుటుంబాలు ఇప్పుడు బాగానే ఉన్నాయి. పిల్లలు అమెరికాలో స్థిరపడ్డ రిటైర్డ్ ఉద్యోగులు, డాక్టర్లు, మిల్లర్లు, ఎగుమతుల వ్యాపారులు, కాశీ రామేశ్వరాలూ దుబాయ్ సింగపూర్లూ యూరప్ టూరూ అన్నీ అయిపోయి తర్వాతేంటని చూస్తున్నవాళ్ళు. వాళ్ళ ఫోన్లలోకి పెంగ్విన్ల రీల్స్ వస్తున్నాయి, ఆ వెనకే ట్రావెల్ ఏజెంట్ల కాల్సూ వస్తున్నాయి. పది పన్నెండు రోజుల అంటార్కిటికా యాత్రకి విమాన ఛార్జీలు కాకుండానే మనిషికి ఆరేడు లక్షలు అవుతుంది, మంచి గది కావాలంటే పది దాటుతుంది. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి చాలాచోట్ల గది మీద అదనంగా వడ్డిస్తారు. ఇంత డబ్బుకి చేతికొచ్చేదేంటి?

నా లెక్కలో చేతికొచ్చేది అక్కడి నిబంధనలే. మనిషిని దించకముందే రాసిపెట్టుకున్నవి, దించాక నిజంగా అమలు చేసేవి. డబ్బు కట్టి మరీ "అటు పోకండి, ఇక్కడ కూర్చోకండి, ఇక బయల్దేరండి" అనిపించుకోవడానికి వెళ్తాం. ఈ సంగతి తలకెక్కితే చిన్న ఓడా పెద్ద ఓడా అన్న ప్రశ్న కూడా దానంతటదే తేలిపోతుంది.

అంటార్కిటికాకి ఓడలు నడిపే కంపెనీలు 1991లో ఐఏఏటీఓ అని ఒక సంఘం పెట్టుకున్నాయి. దాని ప్రకారం 500 మందికి మించి ప్రయాణికులున్న ఓడ ఒక్కరిని కూడా ఒడ్డున దించకూడదు. ఏ ఒడ్డునైనా ఒకేసారి 100 మందికి మించి ఉండకూడదు. ఇప్పుడు లెక్క వేసుకోండి. 450 మంది ఉన్న ఓడైతే ఐదు బ్యాచులు చెయ్యాలి, ఒక బ్యాచు వెనక్కొస్తే గానీ ఇంకో బ్యాచు దిగదు, మన వంతు వచ్చేసరికి గాలి లేచిందంటే ఆ పూట అంతే సంగతులు. తొంభై, వంద మందే ఉన్న ఓడైతే అందరూ ఒకేసారి దిగి రెండు మూడు గంటలు తిరగొచ్చు. మూడు వేల మందిని ఎక్కించుకునే భారీ ఓడలు అసలు ఆగవు, కిటికీలోంచి మంచు చూపించి తిప్పుకొచ్చేస్తాయి. 2023-24 సీజన్‌లో అంటార్కిటికా వైపు వెళ్ళిన 1.2 లక్షల మందిలో 40 వేల పైచిలుకు జనం అలా నేల తొక్కకుండా తిరిగొచ్చినవాళ్ళే. టికెట్ చౌక అని అందులో ఎక్కేవాళ్ళని నేను తప్పుపట్టను గానీ, పెంగ్విన్ల మధ్య నిలబడతామనుకుని ఎక్కితే మాత్రం ఏజెంటు ముంచినట్టే.

దిగడం ఎలా ఉంటుందో కొంచెం దగ్గర్నుంచి చూడాలి, ఎందుకంటే బ్రోచర్లలో ఉండనిది అదే. ముందు రోజే ఓడలో మీ జాకెట్టు, బ్యాగు, కెమెరా సంచి తెరిచి మూలల్లో విత్తనాలు, గడ్డిపరకలు లేకుండా వ్యాక్యూమ్ పెట్టి లాగిస్తారు, వెల్క్రో పట్టీల్లో ఇరుక్కున్నవాటిని పట్టకారుతో తీస్తారు. బయటి మొక్క ఒక్కటి అక్కడ వేళ్ళూనినా వదిలించుకోవడం కష్టం. దిగేటప్పుడు ఒకసారి, ఎక్కేటప్పుడు ఒకసారి మందునీళ్ళలో బూట్లు ముంచాలి. జోడియాక్ అనే రబ్బరు పడవలోకి దిగేటప్పుడు చెయ్యి చెయ్యి కలిపితే ఒప్పుకోరు, ఒకరి మణికట్టు ఒకరు పట్టుకోవాలి, జారినా పట్టు ఊడదు. ఒడ్డున పెంగ్విన్‌కి ఐదు మీటర్ల దూరం పాటించాలి. అదే మీ వైపు నడిచొస్తే కదలకుండా నిలబడాలి. అవి గూటి నుంచి నీళ్ళకి నడిచి నడిచి మంచులో బాటలు పడేస్తాయి, ఆ బాటకి మనం అడ్డం నిలబడకూడదు. మెత్తటి మంచులో మోకాలిదాకా కాలు దిగబడిందనుకోండి, కాలు తీసుకుని వెళ్ళిపోతే కుదరదు, వంగి ఆ గుంట పూడ్చాలి. అందులో పెంగ్విన్ పడితే పైకి రాలేదు.

బర్డ్ ఫ్లూ వచ్చాక ఇంకా బిగించారు. 2023 అక్టోబరులో సౌత్ జార్జియా దీవిలో, 2024 ఫిబ్రవరిలో అంటార్కిటికా ప్రధాన భూభాగంలో ఆ వైరస్ బయటపడింది. అప్పట్నుంచి నేల మీద కూర్చోవడం, మోకరిల్లడం, బ్యాగు కింద పెట్టడం కూడా బంద్. ఫొటో కోసం బోర్లా పడుకునే సరదా ఉన్నవాళ్ళు ముందే తెలుసుకుంటే మంచిది. ఇంకో మాట, డాక్యుమెంటరీల్లో చూసే పెద్ద ఎంపరర్ పెంగ్విన్లు మామూలుగా ఈ దారిలో కనబడవు. కనబడేవి జెంటూ, చిన్‌స్ట్రాప్, అడెలీ జాతులు. తెల్లటి ఎలుగుబంటి కావాలంటే అది ఉత్తర ధ్రువం వైపు, ఇటు లేనే లేదు. నవంబరులో మంచు శుభ్రంగా ఉంటుంది, పెంగ్విన్ పిల్లల్ని చూడాలంటే డిసెంబరు చివర, జనవరి. తిమింగలాల కోసమైతే ఫిబ్రవరి, మార్చి.

వెళ్ళినవాళ్ళందరూ ముందు చెప్పేది కంపు గురించి. పెంగ్విన్ల గుంపులున్న చోట మంచంతా గులాబి రంగు మరకలు. అవి తినేది క్రిల్ అనే చిన్న రొయ్యలాంటి జీవిని, దాని రంగే రెట్టలో దిగుతుంది. ఆ రంగు పదార్థం అస్టాక్సాంథిన్, మన వంటింట్లో రొయ్య ఉడికితే ఎర్రబడేది కూడా దానివల్లే. పులికాట్‌లో ఫ్లెమింగోల గులాబి రంగూ తిండిలోంచి వచ్చే ఇలాంటి పదార్థాలదే. ఇక క్రిల్ అనేది నెల్లూరోళ్ళకి పరాయి విషయమేం కాదు. దాన్ని పట్టి పిండి చేసి చేపల, రొయ్యల మేతల్లో కలిపే వ్యాపారం ప్రపంచంలో పెద్దదే. దక్షిణ అట్లాంటిక్ వైపు అంటార్కిటిక్ నీళ్ళలో ఏడాదికి 6.2 లక్షల టన్నులకి మించి పట్టకూడదని పరిమితి ఉంది, 2025లో మొట్టమొదటిసారి అది సీజన్ పూర్తికాకముందే నిండిపోయి వేట ఆపేశారు. పెంగ్విన్, తిమింగలం, మేత ఫ్యాక్టరీ, మూడూ ఒకే కంచంలో చెయ్యి పెడుతున్నాయి. ఓడెక్కే ముందు ఇంతవరకైనా తెలుసుకుని ఎక్కితే అక్కడ గైడు చెప్పేది బుర్రకెక్కుతుంది.

చిన్న ఓడని పొగిడినంత మాత్రాన అన్నీ మంచే అనడం లేదు. అర్జెంటీనా కొసన ఉషువాయాలో ఎక్కాక డ్రేక్ జలసంధి దాటడానికి దాదాపు రెండు రోజులు, రావడానికి మళ్ళీ రెండు రోజులు. సముద్రం బాగుంటే అదృష్టం, లేకపోతే చిన్న ఓడ ఊగుడు పెద్ద ఓడకంటే ఎక్కువే, మంచం మీంచి లేవలేని వాంతులు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలకి సర్ ప్రైజ్ గిఫ్టుగా ఈ టికెట్ కొనే పిల్లలు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. అక్కడ గుండెనొప్పి వస్తే అంబులెన్సు లేదు, ఓడ డాక్టరే దిక్కు, అందుకే అత్యవసరంగా తరలించే ఖర్చు కూడా భరించే ఇన్సూరెన్సు లేకుండా చాలా కంపెనీలు ఎక్కనివ్వవు.

ప్రమాదాల సంగతికొస్తే 2007 నవంబరు 23న ఎక్స్‌ప్లోరర్ అనే చిన్న ఓడ సౌత్ షెట్లాండ్ దీవుల దగ్గర మంచుకి తగిలి మునిగిపోయింది. యాత్రికుల కోసమే ఇలాంటి ప్రయాణాలకి ప్రత్యేకంగా 1969లో కట్టిన ఓడ అది. అందులోని 154 మందీ లైఫ్‌బోట్లలో గంటల తరబడి కూర్చుని, అటుగా ఉన్న నార్వే ఓడలో ఎక్కి బతికి బయటపడ్డారు. దీన్ని చూపించి చిన్న ఓడలు ప్రమాదం అంటుంటారు, నాకైతే తిరగేసి చదవాలనిపిస్తుంది. 154 మంది కాబట్టే పక్క ఓడలో సరిపోయారు. అదే మూడు వేల మందైతే ఆ నీళ్ళలో ఎక్కించుకునే ఓడ ఎక్కణ్ణుంచి వస్తుంది? 2017 నుంచి ధ్రువ జలాల ఓడలకి పోలార్ కోడ్ అని అంతర్జాతీయ నియమావళి వచ్చింది, ఓడ నిర్మాణం, సిబ్బంది శిక్షణ కొంత గట్టిపడ్డాయి. అయినా అక్కడ సాయం దూరమే.

అసలు చిక్కు పొగలో ఉంది. ముడి మడ్డి లాంటి భారీ ఇంధనాన్ని 2011 ఆగస్టు నుంచి అంటార్కిటిక్ జలాల్లో నిషేధించారు, మంచి పనే. కానీ తలసరి చూస్తే చిన్న ఓడ తాగే ఇంధనం ఏం తక్కువ కాదు, దానికి తోడు చెన్నైలో ఎక్కి గల్ఫ్‌లోనో యూరప్‌లోనో మారి బ్యూనస్ ఎయిరీస్ దాకా విమానం. అక్కడి మంచు మీద పేరుకునే మసిని కొలిచి 2022లో వెలువడ్డ ఒక అధ్యయనం, 2016-2020 మధ్య వెళ్ళిన ఒక్కో యాత్రికుడి వంతున దాదాపు 83 టన్నుల మంచు త్వరగా కరిగిందని లెక్కగట్టింది. "అక్కడికి వెళ్ళొస్తే ప్రకృతికి రాయబారులవుతాం" అని కంపెనీలు చెప్పే మాటని ఈ అంకె పక్కన పెట్టి చూడండి. రాయబారం చేసేవాళ్ళూ ఉంటారు, నిజమే, ఎక్కువమంది మాత్రం వాట్సాప్ డీపీ మార్చి ఊరుకుంటారు. కాబట్టి వెళ్ళేవాళ్ళు సరదాకి వెళ్తున్నామని ఒప్పుకుని వెళ్తే సరిపోతుంది, పర్యావరణం పేరు చెప్పుకోనక్కర్లేదు.

ఉత్తరం వైపు నార్వే ఏలుబడిలోని దీవులైన స్వాల్‌బార్డ్ కొంచెం చౌక, దూరమూ తక్కువ. 1920 నాటి స్వాల్‌బార్డ్ ఒప్పందంలో మన దేశమూ ఉంది, మన హిమాద్రి పరిశోధన కేంద్రం 2008 నుంచి అక్కడే. ఆ దీవులకి వీసా అక్కర్లేదు గానీ నార్వే మీదుగా పోవాలి, దీవులు షెంగెన్ అనే యూరప్ దేశాల ఉమ్మడి వీసా ప్రాంతానికి బయట ఉన్నాయి కాబట్టి షెంగెన్ వీసా డబుల్ ఎంట్రీ తీసుకోవాలి, ఇక్కడ చాలామంది దెబ్బతింటారు. అక్కడ 2025 జనవరి 1 నుంచి నిబంధనలు బిగిశాయి. రక్షిత ప్రాంతాల్లోకి వచ్చే ఓడలో 200 మందికి మించకూడదు, ఎలుగుబంటికి 300 మీటర్ల దూరం, మార్చి నుంచి జూన్ దాకా 500 మీటర్లు. ఫోన్ కెమెరాకి అది తెల్లచుక్కలా కనిపిస్తుంది. డబ్బు దండగ అని తిట్టుకునేవాళ్ళుంటారు, వాళ్ళు జూకి వెళ్ళడం నయం.

ఇక మన దగ్గరికొద్దాం. ఉమ్మడి నెల్లూరు జిల్లాలో పులికాట్ సరస్సుంది, నేలపట్టులో కడప అనే జాతి చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టి పిల్లల్ని చేస్తాయి, పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పొలానికి బలమని రైతులే వాటిని కాపాడుకుంటూ వచ్చారు. ఏ పెంగ్విన్ల గుంపుకీ తీసిపోని దృశ్యం. 2001 నుంచి ఫ్లెమింగో ఫెస్టివల్ చేస్తున్నాం, పక్షుల పేరు మీద స్టేజీలు, మైకులు, సినిమా పాటలు. శ్రీహరికోట రోడ్డు మీద కారాపి పక్షులు ఎగిరితే వీడియో బాగుంటుందని కేకలేసేవాళ్ళని ఆపే దిక్కుండదు. ఒకేసారి ఎంతమంది, ఎంత దూరం, ఎవరు చూస్తున్నారు అనే మూడు ప్రశ్నలకి అంటార్కిటికాలో జవాబుంది, ఇక్కడ లేదు. ప్రతి చలికాలం నెల్లూరు, ప్రకాశం తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికొచ్చి ట్రాలర్ల వలల్లో చిక్కి చచ్చి ఒడ్డుకి కొట్టుకొస్తాయి. వలలో తాబేలు బయటపడే ఏర్పాటు లేదన్న కారణంతోనే సముద్రంలో పట్టిన మన రొయ్యల్ని అమెరికా 2019 నుంచి దిగుమతి చేసుకోవడం లేదు. నిబంధన లేకపోతే ఎవరికి నష్టమో మత్స్యకారుడికి ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు. ఫెస్టివల్ కమిటీలో ఒక్కరైనా అంటార్కిటికా వెళ్ళొచ్చిన గైడుతో గంటసేపు మాట్లాడితే బాగుండు, ఖర్చు కూడా లేదు.

వెళ్ళాలని తేల్చుకున్నవాళ్ళు ఏజెంటుని గది సైజూ భోజనంలో పప్పన్నం ఉందా అనీ అడిగే ముందు ఓడలో మొత్తం ప్రయాణికులు ఎంతమంది, ఎన్నిసార్లు దించుతారు, ఒక్కో గైడుకి ఎంతమంది, వాతావరణం బాగాలేక దించకపోతే డబ్బు సంగతేంటి అని అడగండి. ఆఖరిదానికి జవాబు దాదాపు ఎప్పుడూ "ఏమీ రాదు సార్" అనే ఉంటుంది, అదీ ముందే తెలిసుండాలి. "పెంగ్విన్‌ని ఎత్తుకుని ఫొటో దిగొచ్చు సార్" అని ఎవరన్నా చెప్పారా, అడ్వాన్సు కట్టకుండా ఫోన్ పెట్టెయ్యండి.