జెండా మీద పటం గీస్తే

జెండా మీద దేశపటం గీసుకోవడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదంటే మావాళ్లు నవ్వుతారు. సైప్రస్ జెండా ఓసారి చూడండి. తెల్లగుడ్డ, మధ్యలో రాగిరంగు దీవి, కింద రెండు ఆలివ్ కొమ్మలు. దీవిలో ఉండేది ప్రధానంగా గ్రీకు భాషవాళ్లూ, టర్కిష్ భాషవాళ్లూ. 1960లో బ్రిటిష్‌వాళ్లు వెళ్లిపోతుంటే రాజ్యాంగంలోనే రాసుకున్నారు, జెండా ఎటూ మొగ్గకూడదని. గ్రీసు నీలం వద్దు, టర్కీ ఎరుపు వద్దు, శిలువ వద్దు, నెలవంక వద్దు. అన్నీ తీసేస్తే మిగిలింది నేలే. దాన్నే గీశారు. గీసింది ఇస్మెత్ గునెయ్ అనే డ్రాయింగ్ మాస్టారు, టర్కిష్ సైప్రియట్, అంటే దీవిలోని టర్కిష్ వర్గంవాడు.

బాగానే ఉంది కదా? కానీ అదే రాజ్యాంగం, అదే నాలుగో అధికరణం, ఎవరింటి మీద వాళ్లు గ్రీసు జెండానో టర్కీ జెండానో ఎగరేసుకోవచ్చంది! ఇంట్లో దేవుడి గది కట్టించి, పూజ మాత్రం పుట్టింట్లో చేసుకోమన్నట్టు. నాలుగేళ్లు తిరక్కుండానే ఇరువర్గాల మధ్య కొట్లాటలు, 1964లో ఐరాస సైన్యం. ఇప్పటికీ అక్కడే ఉంది. (దానికి కమాండరుగా ఉంటూనే 1965లో మన జనరల్ తిమ్మయ్య పోయారు.)

1974లో గ్రీసు సైనిక పాలకుల అండతో సైప్రస్ ప్రభుత్వం మీద తిరుగుబాటు. ఐదు రోజులకే టర్కీ సైన్యం దిగింది. దీవిలో మూడో వంతుకు పైగా తెగిపోయింది. 1983లో ఉత్తరాన వేరే రిపబ్లిక్ అన్నారు, టర్కీ తప్ప ఎవరూ గుర్తించలేదు. దాని జెండా టర్కీదే, రంగులు తిరగేసి రెండు ఎర్రపట్టీలు చేర్చారంతే. గుడ్డ మీదుంటే ఊరుకుందుం. పెంటదాక్తిలోస్ కొండవాలు మీద అంత పెద్దది వేశారు, రాజధాని నికోసియా దక్షిణ భాగంలో తలెత్తితే కనబడేలా. రాత్రిళ్లు దీపాలు కూడా! ఇళ్లొదిలి పారిపోయొచ్చినవాళ్లు రోజూ అది చూస్తూ బతకాలి. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

అలాగని దక్షిణంవాళ్లని వెనకేసుకు రాను. గుళ్ల మీదా బళ్ల మీదా గ్రీసు జెండా వాళ్లూ దించలేదు. 2004లో రెండు ముక్కల్నీ కలపడానికి ఐరాస అధిపతి కోఫీ అన్నన్ పెట్టిన పథకం కొత్త జెండా కూడా తెచ్చింది. పైన నీలం, మధ్య పసుపు, కింద ఎరుపు. ఈసారి ఏదీ తీసెయ్యలేదు, ఇద్దరి రంగులూ పెట్టారు. ఓటింగ్ పెడితే ఉత్తరాన దాదాపు 65 శాతం ఔనన్నారు, దక్షిణాన 76 శాతం కాదన్నారు. ఆ గుడ్డ కుట్టకముందే పోయింది.

ఇక మన మాస్టారు. 2009లో ఆయన పోయేనాటికి, ఆయన గీసిన జెండా ఆయన జనం ఉండే వైపు ఎగరడం లేదు. ఎగిరే వైపేమో అదే మొత్తం దీవి మాదేననడానికి సాక్ష్యం. పాస్‌పోర్టు మాత్రం ఉత్తరాదివాళ్లు చాలామంది దక్షిణాన ఉన్న సైప్రస్ రిపబ్లిక్‌దే తీసుకుంటారు, యూరప్ తిరగాలి కదా మరి.